వసంతంలో వారాంతపు పల్లె ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

చలి వెనక్కి తగ్గి చెట్లకు చిగుళ్లు కనబడగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. శని, ఆదివారాలు కారు వేసుకుని నగరం దాటి ఎటైనా వెళ్లాలి, ఎటు వెళ్లమంటావు, ఎప్పుడు వెళ్లమంటావు అని. ఏటా అవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. నగరంవాళ్లకు వసంతం విహారాల కాలం, పల్లెకు మాత్రం ఊపిరాడని పనుల కాలం. దుక్కులు, విత్తనాలు, ఈనే పశువులు, పూతకొచ్చిన తోటలు, అన్నీ ఒకేసారి మీదపడతాయి. మనం వెళ్లేది ఆ పని మధ్యలోకి. ఈ జవాబులన్నీ ఆ సంగతి మనసులో పెట్టుకుని రాసినవే.

## ఎప్పుడు, ఎక్కడికి

వసంతం అంటే సరిగ్గా ఏ తేదీల్లో వెళ్లాలి?

లెక్కప్రకారం ఉత్తరార్ధగోళంలో మార్చి 20 ప్రాంతంలో, దక్షిణార్ధగోళంలో సెప్టెంబరు 22, 23 ప్రాంతంలో వసంతం మొదలవుతుంది. పూతకు ఈ తేదీలతో పని లేదు. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూత ఎప్పుడు నిండుగా వచ్చిందో తెలిపే పాత రాతలు 9వ శతాబ్దం నుంచీ ఉన్నాయి. ఆ 1,200 ఏళ్ల లెక్కల్లో అంతకు ముందెన్నడూ లేనంత త్వరగా, 2021లో మార్చి 26కే పూత నిండుకొచ్చింది. కాబట్టి ఒకే వారాంతాన్ని పట్టుకుని కూర్చోకండి. వరసగా రెండు మూడు వారాంతాలు ఖాళీ ఉంచుకుని, వెళ్లే వారం మొదట్లో అక్కడివాళ్లకు ఫోన్ చేసి "ఇప్పుడు ఏం పూస్తోందండీ?" అని అడగండి. అంతకు మించిన సమాచారం ఎక్కడా దొరకదు.

మా ఇంటి దగ్గర చెట్లు విరబూశాయి. కొండమీద కూడా ఇప్పుడే పూస్తాయా?

పూయవు. ఈ పొరపాటు నేను స్వయంగా చేశాను. మా వీధిలో పూలు రాలిపోతున్నాయి, ఆలస్యమైపోయిందని హడావుడిగా మూడు గంటలు కారు నడిపి ఒక కొండవాలు తోటకు వెళ్లాం. అక్కడ మొగ్గలు గింజల్లా బిగుసుకుని ఉన్నాయి. ఆ తోట మా ఇంటికన్నా 600 మీటర్ల ఎత్తున ఉంది. ఆండ్రూ హాప్కిన్స్ అనే అమెరికా కీటక శాస్త్రవేత్త 1918లో దీనికో లెక్క చెప్పాడు: ఉత్తరానికి ఒక అక్షాంశం జరిగినా, ఎత్తు 400 అడుగులు పెరిగినా, వసంతం సుమారు 4 రోజులు ఆలస్యంగా వస్తుంది. 600 మీటర్లంటే దాదాపు 2,000 అడుగులు, అంటే 20 రోజులు. సరిగ్గా మూడు వారాల తర్వాత వెళితే తోటంతా తెల్లగా పూసి ఉంది. చలికాలం గట్టిగా ఉండే ప్రాంతాల్లో ఈ లెక్క బాగా పనికొస్తుంది. పైగా నగరంలో కాంక్రీటు వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి, సమాన ఎత్తులో ఉన్న పల్లెకన్నా కూడా నగరమే ముందు పూస్తుంది.

ఎంత దూరం వరకు వెళ్లొచ్చు?

ఒక్క రాత్రి బసకు, ఒకవైపు 2 గంటలు దాటకూడదు. శనివారం ఉదయం 6కు బయలుదేరి ఆదివారం సాయంత్రం 6కు ఇల్లు చేరేలా అనుకుంటే చేతిలో ఉండేది 36 గంటలు. అందులో నిద్ర 8 తీసేయండి, స్నానాలు, భోజనాలు, సామాను సర్దడం ఇంకో 8. మిగిలిన 20 గంటల్లో రోడ్డుకు నాలుగిస్తే పదహారు మీవి, పది ఇస్తే సగం పోయినట్టే. రెండు రాత్రులు దొరికితే మూడున్నర గంటల దూరం ఫర్వాలేదు. కిలోమీటర్లలో కాకుండా గంటల్లో లెక్కేయండి. పల్లె రోడ్డుమీద చివరి 30 కిలోమీటర్లకే గంట పడుతుంది.

ఏ దిక్కుకు వెళ్లినా ఒకటేనా?

కాదు, కానీ దీన్ని ఎవరూ పట్టించుకోరు. పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే వసంత విషువత్తు రోజుల్లో సూర్యుడు దాదాపు నేరుగా తూర్పున ఉదయించి నేరుగా పడమట దిగుతాడు. పొద్దున్నే తూర్పుకు వెళ్లి, సాయంత్రం పడమటికి తిరిగొచ్చారంటే రెండుసార్లూ ఎండ సూటిగా కళ్లలో కొడుతుంది. మలుపు తిరగ్గానే అద్దమంతా తెల్లబడి ముందున్న సైకిలు కూడా కనబడని క్షణాలుంటాయి. అదే నగరానికి పడమటనున్న ఊరు ఎంచుకుంటే పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ సూర్యుడు వీపు వెనకే ఉంటాడు. అప్పుడు ఎదుటివాడికి మీరు కనబడరు కాబట్టి హెడ్‌లైట్లు వేసుకుని నడపండి.

పూలు చూడటానికేనా? ఇంకేమైనా ఉంటుందా?

పూల పేరు చెప్పుకుని బయలుదేరినా, నాకు గుర్తుండిపోయినవి చాలావరకు పూలు కావు. తెల్లవారుజామున పిట్టల కూతలు వినండి. పొద్దు పొడవడానికి అరగంట, గంట ముందే మొదలవుతాయి. గాలి కదలదు, వాహనాల రొద ఉండదు, ఒక్కో గొంతు ఎంత దూరం నుంచో స్పష్టంగా వినిపిస్తుంది. మొదట ఒక్క పిట్ట, కాసేపటికి ఇంకోటి, చూస్తుండగానే తోపంతా మోగిపోతుంది. జత కోసం, తన జాగా కోసం పోటీపడే కాలం కాబట్టి వసంతంలో కూసినంత గట్టిగా అవి ఏడాదిలో మరెప్పుడూ కూయవు. అప్పుడే దున్నిన నేల వాసన, మంచు కరిగి నిండుగా పారే వాగులు, తల్లి వెంట తడబడుతూ నడిచే గొర్రెపిల్లలు కూడా ఈ రోజుల్లోనే.

పూల పొలాలకు వెళితే పూలే లేవు, మోసమా?

మోసం కాదు. తులిప్ రైతులు చాలామంది పొలం పెంచేది పూల కోసం కాదు, మట్టిలో ఉండే దుంప కోసం. పువ్వు విచ్చుకున్న కొద్ది రోజులకే తలలు కోసి పడేస్తారు, బలమంతా దుంపకు దిగాలని. నెదర్లాండ్స్‌లో నిన్న ఎర్రగా మెరిసిన చేను ఇవాళ ఉత్త పచ్చగా కనబడటం మామూలే. పొలం చూడాలంటే రెండు రోజుల ముందు కనుక్కోవాలి. ప్రదర్శన తోటల్లో రకరకాల దుంపలు విడివిడిగా నాటి వారాల తరబడి పూలుండేలా చూస్తారు, అక్కడ ఈ చిక్కు తక్కువ.

జనం లేని చోటు ఎలా పట్టుకోవాలి?

పేరున్న చోటికి పక్క లోయకు వెళ్లండి. నేల ఒకటే, వాన ఒకటే, చెట్లు కూడా దాదాపు అవే, పేరొక్కటే ఉండదు. పేరున్న చోటే చూడాలనుంటే ఉదయం 8లోపు చూసేసి, బస్సులు దిగే వేళకు అక్కడినుంచి కదలండి.

బస ఇచ్చేవాళ్లను ఏమేం అడగాలి?

ఫోటోల్లో కనబడని నాలుగు సంగతులు. రాత్రి గది వెచ్చగా ఉంటుందా? చివరి కిలోమీటరు తారు రోడ్డా, మట్టి రోడ్డా? ఫోన్ సిగ్నల్ అందుతుందా? వాతావరణం చెడితే డబ్బు వెనక్కి ఇస్తారా, తేదీ మారుస్తారా? సెలవులు కలిసొచ్చే వారాంతానికైతే రెండు నెలల ముందే గది పట్టుకోండి. మామూలు వారాంతానికి పది రోజుల ముందు చాలు, అప్పుడైతే పూత కబురు తెలుసుకున్నాకే తేదీ ఖాయం చేసుకోవచ్చు.

## బయలుదేరే ముందు

పగలు ఎండగానే ఉంటుంది కదా, చలిబట్టలు ఎందుకు?

పగటి ఎండను చూసి మోసపోకండి. వసంతంలో నేల ఇంకా వేడెక్కి ఉండదు. మబ్బులేని రాత్రి పగటి వేడంతా ఆకాశంలోకి పోతుంది. మధ్యాహ్నం 20 డిగ్రీలున్న చోటే తెల్లారేసరికి 5కు పడిపోవచ్చు. కొండమీదైతే ప్రతి 1,000 మీటర్లకూ దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. మందపాటి కోటు ఒక్కటి కన్నా పలచటివి మూడు ఒకదానిమీద ఒకటి వేసుకోవడం మేలు, ఎండెక్కేకొద్దీ విప్పుకోవచ్చు. తడవని బూట్లు, రెండు జతల అదనపు మేజోళ్లు తప్పనిసరి. ఎండ లేకపోయినా పొద్దున గడ్డి మోకాళ్లదాకా తడిపేస్తుంది.

కారుకు ఏం చూసుకోవాలి?

టైర్లలో గాలి, అదీ బండి కదలక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు. నిండా మనుషులు, సామాను ఉన్నప్పుడు ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు చట్రం మీది స్టిక్కరులో విడిగా రాసి ఉంటుంది. స్టెప్నీ సంగతి అందరూ మరిచిపోతారు, దాంట్లోనూ గాలి చూడండి. జాకీ ఉందో లేదో డిక్కీ తెరిచి కళ్లతో చూడండి. చలికాలమంతా ఎండిపోయిన వైపర్ రబ్బరు మొదటి వానకే అద్దాన్ని మసక చేస్తుంది. అద్దం కడిగే నీళ్లు నిండుగా పోయండి, ఈ కాలంలో పురుగులు తెగ అంటుకుంటాయి.

ఎలక్ట్రిక్ కారుతో పల్లెకు వెళ్లడం ధైర్యమేనా?

ధైర్యమే, లెక్క తప్పకపోతే. ఎక్కుడు రోడ్డు, చల్లటి ఉదయం, హీటరు మూడూ చార్జింగ్ తింటాయి. రాత్రి బస చేసే చోట ప్లగ్గు ఉంటే దిగులే లేదు. లేకపోతే పల్లెలోకి మలుపు తిరిగే ముందు పెద్ద రోడ్డుమీదే 80 శాతానికి నింపుకోండి. ఆ పైన ఫాస్ట్ చార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది కాబట్టి అక్కడ కూర్చుని కాలం పోగొట్టుకోవద్దు.

నాకు పుప్పొడి పడదు. మానుకోవాలా?

మానుకోనక్కర్లేదు, వారం చూసి వెళ్లాలి. వసంతం మొదట్లో చెట్ల పుప్పొడి, చివర్లో గడ్డి పుప్పొడి గాలిలో ఎక్కువ. మీకు ఏది పడదో తెలిస్తే సగం సమస్య తీరినట్టే. వాన వెలిసిన తర్వాతి గంటలు హాయిగా ఉంటాయి. కారులో అద్దాలెత్తి లోపలి గాలే తిరిగేలా పెట్టుకోండి, సాయంత్రం తలస్నానం చేసి బట్టలు మార్చుకోండి. అలర్జీ మాత్రల్లో కొన్ని మత్తు కలిగిస్తాయి. మీరే కారు నడిపేటట్టయితే మత్తు రాని రకం ఏదో వైద్యుణ్ని ముందే అడగండి.

పెద్దవాళ్లను తీసుకెళ్లొచ్చా?

తప్పకుండా తీసుకెళ్లండి. కింది అంతస్తు గది, దగ్గర్లో ఆసుపత్రి ఎంత దూరమో తెలిసి ఉండటం, మందులు రెండు రోజులకు బదులు నాలుగు రోజులకు సరిపడా ఉండటం, ఈ మూడూ చూసుకుంటే చాలు. చాలామంది పెద్దవాళ్లకు తిరగడం కన్నా చెట్టుకింద కుర్చీ వేసుకుని కూర్చోవడమే ఇష్టం. ఆ కుర్చీ డిక్కీలో పెట్టుకోండి.

## దారిలో

శుక్రవారం రాత్రే బయలుదేరితే ఒక పూట కలిసొస్తుంది కదా?

కలిసిరాదు. వారమంతా పనిచేసిన కళ్లతో, తెలియని రోడ్డుమీద, చీకట్లో నడపాలి. దానికితోడు జింకల్లాంటివి రోడ్డు దాటేది ఎక్కువగా మునిమాపు వేళ, తెల్లవారుజామున. రాత్రి నిద్రపోయి శనివారం ఐదున్నరకు బయలుదేరండి. రెండు గంటలకోసారి కనీసం 15 నిమిషాలు ఆగండి.

ముందు ట్రాక్టరు వెళుతోంది, అరగంట నుంచి ఇరుక్కుపోయాం. ఏం చేయాలి?

అరగంట అనిపిస్తుంది, గడియారం చూస్తే ఐదు నిమిషాలు కూడా అయి ఉండదు. అది చేను నుంచి చేనుకు పోతోంది, త్వరలోనే ఏదో గేటు దగ్గర తిరుగుతుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఎడమకు తిరగబోయే ట్రాక్టరు వెనకున్న పొడవాటి పరికరం కుడివైపుకు ఊగుతుంది, కుడికి తిరిగితే ఎడమకు. మీరు ఓవర్‌టేక్ చేస్తున్న క్షణంలో అది తిరిగిందా, తప్పించుకునే చోటుండదు. దూరం ఉంచి నడపండి. చక్రాల నుంచి రాలిన తడిమట్టిమీద బ్రేకు సరిగా పట్టదు కూడా. పొడి రోడ్డుమీదే గంటకు 97 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు ఆగడానికి సుమారు 73 మీటర్లు పడుతుంది.

పిల్లలకు ఘాటు మలుపుల్లో వాంతులు. ఎలా?

కళ్లు ఫోన్‌మీద ఉంటే ఏమీ కదలడం లేదని చెబుతాయి, చెవి లోపలి భాగం మాత్రం కదులుతున్నామని చెబుతుంది. ఆ తగువే వికారం. ఫోన్, పుస్తకం తీసేసి దూరంగా ముందున్న రోడ్డునో కొండనో చూడమనండి. బయలుదేరే ముందు కొద్దిగా తినిపించండి, ఖాళీ కడుపూ మంచిది కాదు, నిండు కడుపూ కాదు.

వాగు నీళ్లు రోడ్డుమీదుగా పారుతున్నాయి. దాటొచ్చా?

వద్దు. పారే నీళ్లు అరడుగు లోతున్నా స్టీరింగు మాట వినకపోవచ్చు, అడుగు లోతుంటే చాలా కార్లు తేలిపోతాయి. నీళ్లకింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో మీకు కనబడదు. మంచు కరిగే చోట్ల ఉదయం చీలమండ లోతున్న వాగు ఎండెక్కాక సాయంత్రానికి పొంగుతుంది. పొద్దున దాటి వచ్చాం కదా అన్న ధీమాతో సాయంత్రం దిగకండి.

రోడ్డు పక్కన ఆపితే చక్రం బురదలో దిగబడింది. ఇప్పుడు?

యాక్సిలరేటర్ తొక్కకండి, తొక్కేకొద్దీ చక్రం తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. అందరూ దిగండి, బరువు తగ్గుతుంది. ఇంజను తిప్పే చక్రాల ముందు మట్టిని చేత్తో వాలుగా తీసేసి, కారులో కాళ్లకింద వేసే మ్యాట్లు బోర్లా తిప్పి ఆ చక్రాలకింద దోపండి. రెండో గేరులో నెమ్మదిగా కదలండి. మ్యాటు వెనక్కి ఎగిరి తగులుతుంది కాబట్టి చక్రానికి సూటిగా వెనక ఎవరూ నిలబడొద్దు. చలికాలపు తడి ఆరని నేల పైకి గడ్డితో గట్టిగానే కనబడుతుంది, కాలితో తొక్కి చూసి ఆపండి.

సిగ్నల్ పోతే దారి ఎలా?

ఇంట్లోనే మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోండి. బస చిరునామా, ఫోన్ నంబరు, ఆఖరి మూడు మలుపులు కాగితంమీద రాసి పెట్టుకోండి.

## అక్కడికి చేరాక

చేని గేటు దగ్గర ఎవరూ లేరు. కాసేపు కారు పెట్టుకోవచ్చా?

పెట్టొద్దు. ఎవరూ వాడనట్టు, గడ్డి మొలిచి కనబడే గేటు కూడా వసంతంలో ఏ క్షణంలోనైనా తెరుచుకోవచ్చు. విత్తడానికి రెండు రోజులే నేల అదునుగా ఉండి, మర్నాడు వాన సూచన ఉందనుకోండి, మీ కారు యజమాని కోసం రైతు గంటసేపు కొండంతా వెతకాలి. ఆ అదును మళ్లీ రాదు. ఊళ్లో పెట్టి నడవండి.

గేటు తీసి ఉంది. వేసి వెళ్లాలా?

ఎలా ఉంటే అలాగే వదలండి. మూసి ఉంటే తీసుకుని దాటి మళ్లీ మూయండి. తెరిచి కట్టి ఉంటే అలాగే ఉంచండి, అవతల నీళ్ల తొట్టి దగ్గరికి పశువులు వెళ్లడానికే అలా వదిలి ఉంటారు.

మా కుక్కను తీసుకెళ్లొచ్చా?

పట్టీ వదలకుండా అయితే సరే. కుక్క కరవక్కర్లేదు, వెంటపడితే చాలు, చూడి గొర్రెలు ఈచుకుపోతాయి. దూడ ఉన్న ఆవు ఎంత సాధువైనా ఈ రోజుల్లో నమ్మకూడదు. తల్లికీ దూడకూ మధ్యలోంచి ఎప్పుడూ నడవకండి, చుట్టూ తిరిగి పోండి. ఆవులు తరుముకొస్తే మాత్రం పట్టీ వదిలేయండి. అవి వచ్చేది కుక్క కోసం, అది మీకన్నా వేగంగా పరుగెత్తగలదు.

పూల మధ్య నిలబడి ఒక్క ఫోటో తీసుకుంటే ఏమవుతుంది?

ఒక్కరితో ఏమీ కాదు. 2019 మార్చిలో కాలిఫోర్నియాలోని లేక్ ఎల్సినోర్ దగ్గర కొండలన్నీ నారింజరంగు గసగసాల పూలతో నిండాయి. ఆ ఒక్క ఫోటో కోసం వేలాదిమంది వచ్చిపడ్డారు, చిన్న ఊరి రోడ్లు స్తంభించి, చివరకు కొన్నాళ్లు దారి మూసేయాల్సి వచ్చింది. ఇంగ్లండ్ అడవుల్లో నీలి గంటల్లా పూసే బ్లూబెల్ మొక్క ఆకు ఒకసారి కాలికింద నలిగితే సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకోలేదు, కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. దారిమీదే ఉండి, కెమెరాను నేలకు దగ్గరగా దించి తీయండి. ముందు పూలు, వెనక మీ మనిషి. పూలలో మునిగినట్టే వస్తుంది.

పిడుదులు, పాములంటే భయం. జాగ్రత్తలేమిటి?

పొడవు ప్యాంటు వేసుకుని దాని అంచులు మేజోళ్లలో దోపుకోండి. సాయంత్రం గదికొచ్చాక మోకాళ్ల వెనక, గజ్జల్లో, చెవుల వెనక, జుట్టు మొదళ్లలో వెతకండి, పిల్లలకు మరీ జాగ్రత్తగా. పిడుదు కనబడితే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా నిటారుగా లాగండి. నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయకండి. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రటి మచ్చ పాకినా, జ్వరం వచ్చినా వైద్యుడికి పిడుదు సంగతి చెప్పండి. పాములు చలి నిద్ర వదిలి పొద్దున ఎండకోసం రాళ్లమీదికొస్తాయి. చేయి పెట్టే చోటు, కాలు వేసే చోటు ముందు చూసుకోండి, కనబడితే ఆగి దాన్ని పోనివ్వండి.

రెండు రోజులూ వాన పడితే డబ్బు దండగేనా?

వసంతపు వాన చాలాచోట్ల విడతలుగా వస్తుంది. జల్లుకూ జల్లుకూ మధ్య బయటికెళ్లండి, తడిసిన చిగురు ఆకుపచ్చ ఎండలో కనబడదు.

రెండు రోజుల్లో ఎన్ని చోట్లు చూడొచ్చు?

రెండు. పూటకొకటి కాదు, రోజుకొకటి. "వెళ్లొచ్చాం గానీ ఇంకా అలిసిపోయాం" అని చెప్పేవాళ్లను అడిగితే ఆరు పేర్లు చెబుతారు. ఒక మధ్యాహ్నం ఏ పనీ పెట్టుకోకుండా వదిలేయండి. ఒకసారి అలా ఒక తోటలో కూర్చుంటే ఒక తేనెటీగ ఒకే కొమ్మమీద పువ్వు పువ్వుకూ వరసగా తిరుగుతూ, వెనక్కాళ్లకు పసుపు ముద్దలు పెంచుకుంటూ పోవడం చూశాను. ఆ ముద్దలు మిరియపుగింజంత అయ్యాక బరువుగా ఎగిరిపోయింది. మా అబ్బాయి ఆ రెండు రోజుల్లోకెల్లా ఇప్పటికీ చెప్పేది దాని గురించే.

## తిరుగు ప్రయాణం

ఆదివారం ఎన్నింటికి బయలుదేరాలి?

అందరూ సాయంత్రం 4 నుంచి 7 మధ్య నగరంవైపు తిరుగుతారు. మధ్యాహ్న భోజనం కాగానే కదలండి. లేదా రాత్రి భోజనం అక్కడే చేసి 8 తర్వాత రండి, అదీ కారు నడిపేవాళ్లు మధ్యాహ్నం గంటసేపు నిద్రపోయి ఉంటేనే.

బూట్లు అక్కడే కడగమంటారెందుకు?

మట్టితోపాటు కలుపు విత్తనాలు, పశువుల రోగాలు ఊరు దాటుతాయి కాబట్టి. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు వ్యాధి వచ్చినప్పుడు పల్లెల్లో నడకదారులు మూసేశారు, 60 లక్షలకు పైగా పశువులను చంపేశారు. ఒక బ్రష్షు, నీళ్ల సీసా డిక్కీలో ఉంచుకుని, కారెక్కే ముందు బూట్ల అడుగున ఇరుక్కున్న మట్టిని గీకేయండి.

వచ్చే ఏడాది మళ్లీ అక్కడికేనా, కొత్త చోటికా?

నన్నడిగితే అక్కడికే. ఇల్లు చేరిన రాత్రే ఒక నోటుపుస్తకంలో నాలుగు ముక్కలు రాయండి: తేదీ, ఎత్తు, ఏవి మొగ్గలో ఉన్నాయి, ఏవి రాలుతున్నాయి. నా పుస్తకంలో ఆ కొండవాలు తోటకు ఇప్పుడు ఏడు వసంతాల లెక్క ఉంది. కిందటిసారి రాసుకున్నది ఇది: "పై వరస చెట్లు సగం విచ్చుకున్నాయి. కింది వరస నిండుగా ఉంది. ఐదు రోజులు ఆగి రావలసింది."